గంజి పోని గుడ్డ

మా సారు వనపర్తిల పోయిండని పాత ఆఫీసోళ్ల కార్డు వచ్చింది. అది నా చేతికి అందేసరికే దహనం అయిపోయింది. ఏడో తరగతి చదివినోణ్ణి, సారు గురించి నేనేం రాస్త? అయినా ఒక్కటి నేనే చెప్పాలె. ఇంకెవరికీ తెల్వదు.

గద్వాల బయట గుట్ట మీద సారు ఆఫీసుకు నేను కావలి. అంతకుముందు మగ్గం నేసేటోణ్ణి. అక్కడ ఒక పొడుగాటి యంత్రం, దాని నెత్తిన అద్దం. సూర్యుణ్ణి చూసి, మీద ఓజోన్ ఎంతుందో చెప్తది. ఎండల ఉన్న విషాన్ని మన మీద పడనియ్యని గాలి అది. అదే లెక్క ఉపగ్రహం గూడ తీస్తది. రెండూ ఏండ్ల తరబడి సరిచూసుడే సారు పని.

"పైన తిరిగేదానికి ముసలితనం వస్తది రా. వచ్చిందని అది చెప్పదు. కిందున్న మనమే పట్టాలె" అనేటోడు.

సారు నోరు మంచిది కాదు. మబ్బు పట్టిననాడు, "నిన్నటి లెక్కనే వేద్దమా సార్?" అన్న ఒకసారి. "నీ బిడ్డకు జరమొస్తె నిన్నటి జరమే రాస్తవా?" అని అందరి ముందు దులిపిండు. బిడ్డకు నిజంగ జరమొచ్చిననాడు సైకిల్ మీద దవాఖానకు తీసుకపోయింది గూడ సారే.

అద్దం తుడిచేది నేను. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డతోనే తుడువమన్నడు. సారు యంత్రానికి పాతది పెట్టబుద్ధి కాలే. మగ్గం మీంచి కోసిన కొత్త తెల్లగుడ్డలే తెచ్చి, తడిపి రోజూ తుడిచిన. నూలుకు పెట్టిన గంజి అందులనే ఉంది. నేతోణ్ణి, నాకు తెల్వదా? అద్దం దగ్గర యాదికి రాలే.

ఏండ్లు గడిచినంక మా లెక్క, పైలెక్క ఎడమైనయి. ఉపగ్రహానిదే తప్పని సారు పట్టుబట్టి రాసిండు. పట్నం పెద్దాఫీసు నుంచి ఇద్దరొచ్చి అద్దం విప్పి గోరుతోని గీకిండ్రు. గంజి పొర లేచింది.

"ఏడేండ్ల లెక్కలు పారెయ్యుండ్రి ఇగ" అని నవ్విండ్రు.

సారు నా చేతిల గుడ్డ చూసిండు. "రోజూ తుడిచేది నేనే. తప్పు నాదే" అన్నడు వాళ్లతోని. నౌకరి పోతదని నేను నోరు తెరవలే.

వాళ్లు పోయినంక లెక్కల పుస్తకాలు, ఎర్ర పెన్సిల్ నా ముందర పడేసిండు. "నీ చేతితోనే కొట్టెయ్. ఒక్క పుట గూడ ఇడవకు." మూడు దినాలు గీతలు గీసిన. పక్కనే కూసొని చూసిండు.

సారును గుమాస్తా పనికి ఏసిండ్రు. గుట్ట దిగేటప్పుడు ఒక్క మాట అన్నడు. "మెరిసేటట్టు తుడిచినవ్ రా. అందుకే నాకు అనుమానం రాలే."

దశదినం నాడు బీచుపల్లి వంతెన దాటి వనపర్తి పోయిన. దండ ఏసిన ఫోటో మీద దుమ్ము. సారు భార్యకు నేనెవరో తెల్వదు. "జర అద్దం తుడువన్నా" అని గుడ్డ ఇచ్చింది. "అద్దం తుడువరాకనే నౌకరి చెడగొట్టుకున్నడు ఆయన. సచ్చేదాక ఎత్తిపొడిచిన."

ఇంట్ల గూడ చెప్పలే సారు. నేనే అని చెప్పబోయిన. చెప్పకుండ గుడ్డ అందుకున్న. అందుకే గిట్ల రాస్తున్న.

చేతిలది కొత్త గద్వాల గుడ్డ. వేళ్లకు తెలిసిపోయింది. వాకిట్ల నల్లా కింద పట్టి పిసికిన. తెల్లనీళ్లు పోతనే ఉన్నయి. లోపల్నుంచి పిలుస్తుండ్రు. నీళ్లు ఇంకా తేటపడలే.