చిన్న గిన్నె సాంబారు

సూరత్‌లో, పర్వత్ పాటియాలో మా ఇడ్లీ బండి మీద సాంబారుకు రెండు గిన్నెలుంటాయి. పెద్దది సూరత్ వాళ్లకు, బెల్లం వేసి కాస్తాను, ఏళ్లుగా రోజూ దాని రుచి చూసేదీ నేనే. చిన్నది మన తెలుగువాళ్లకు, చింతపండు పులుపుతో. తీపి లేకపోతే ఇక్కడివాళ్లు నా ఇడ్లీ వదిలేసి పక్కన శనగపిండితో ఆవిరికి ఉడికించే లోచో బండికి పోతారు. తీపి తగిలితే మనవాళ్లు ఇడ్లీని పాయసంలో ముంచి పెట్టినట్టు మొహం చిట్లిస్తారు. ఒకదాని గరిటె ఇంకోదాంట్లో పడుతుందేమోనని పొద్దున్నే నాకు గుండెదడ. గరిటెల జోలికొస్తే మా ఆయన్నైనా కసురుతాను.

మొన్న మా మరిది కరీంనగర్ నుంచి మొదటిసారి వచ్చాడు. చిన్న గిన్నెలోదే పోశాను. ఒక ముక్క తిని ఆగిపోయాడు.

"ఏంది వదినె, గిండ్ల గూడ బెల్లమేసినవా?"

"నీ నోరే మంచిగలేదు. గిది మనోళ్ల సాంబార్" అన్నాను. గరిటెలు చూశాను. దేనిది దాంట్లోనే ఉంది.

అంతలో పెద్ద గిన్నె ఖాళీ అయింది. రోజూ వచ్చే గుజరాతీ పెద్దాయన ప్లేటు చాపాడు. పులుపు తగిలితే గోల చేసే మనిషి. భయపడుతూనే చిన్న గిన్నెలోది పోశాను. జుర్రుకుని తాగి, "బహుత్ అచ్ఛా, ఔర్ దో" అంటూ ఇంకా పొయ్యమని మళ్లీ ప్లేటు చాపాడు.

అప్పుడు నేనే కాస్త అరచేతిలో పోసుకుని నాకాను. మళ్లీ నాకాను. మరిది నా మొహంలోకే చూస్తున్నాడు.

నాకు మాత్రం తీపి తగల్లేదు.