బుచ్చమ్మకు రాసిచ్చిన చల్లటి జాగ

2012 మే నెల. శంషాబాద్ దగ్గర ఒక సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. విమానాశ్రయం వచ్చి నాలుగేళ్లయింది. చెట్లున్న చోట రోడ్లూ, రేకుల గదులూ లేచాయి. ఏటేటా ఎండలు ముదరడం మా ఓపీ రిజిస్టరులోనే కనిపించేది.

తొండుపల్లి నుంచి బుచ్చమ్మను కోడలు ఆటోలో తీసుకొచ్చింది. అరవై దాటిన మనిషి. కళ్లు తిరుగుతున్నాయి, చీర చెమటకు తడిసి ముద్దయింది. దీన్ని హీట్ ఎగ్జాస్చన్ అంటాం. ఒంట్లో నీరూ ఉప్పూ చెమటగా పోయి మనిషి సొమ్మసిల్లడమన్నమాట. సెలైన్ ఎక్కించాక తేరుకుంది. పంపేటప్పుడు అలవాటు ప్రకారం పాఠం అప్పజెప్పాను.

"అవ్వా, పన్నెండు నుంచి నాలుగు దాంక చల్లటి జాగల ఉండాలె. చెమట ఆగి, ఒళ్లు కాలి, మాట తికమకైతే అది హీట్ స్ట్రోక్, పాణానికే ముప్పు. ఎవరికైనా గట్లయితే వెంటనే నీళ్లతోటి ఒళ్లు తడపాలె."

అదే చీటీ మీద రాసి, దవాఖాన ముద్ర కొట్టి ఇచ్చాను.

పది రోజుల తరవాత మెడలో టైతో ఒక బ్యాంకు మేనేజరు వచ్చారు. కోస్తా మనిషి.

"సిస్టర్ గారూ, ఈ చీటీ మీరే రాశారాండీ? ఇది పట్టుకొచ్చిన పెద్దావిడ రోజూ మధ్యాహ్నం మా ఏటీఎంలో కాపురం పెడుతున్నారు. బయటికి వెళ్లమంటే ఇది చూపిస్తున్నారు."

ఏటీఎం రెండు సందుల అవతలే. వెళ్లి చూస్తే లోపల ఏసీ కింద చాప. దాని మీద బుచ్చమ్మ, ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు చింతపండు గింజలు తీస్తున్నారు. మిషన్ ముందు ఒకాయన పిన్ నంబరు నొక్కడానికి జంకుతున్నాడు.

"కొట్టుకో బిడ్డా, మాకు చదువు రాదు. కావాలంటే కండ్లు మూసుకుంటం" అంది బుచ్చమ్మ. ముగ్గురూ బుద్ధిగా కళ్లు మూసుకున్నారు.

ఆయన వెళ్లాక అడిగాను. "అవ్వా, ఇదేంది?"

"నువ్వే రాసిస్తివి గద! మా ఇంట్ల రేకులు పెనం లెక్క కాల్తయి. బయట చెట్టు లేదు. మా తొండుపల్లి నుంచి ఈడి దాంక చల్లటి జాగ గిదొక్కటే."

మేనేజరు గారు భద్రతా నియమాలు ఒక్కొక్కటే వివరించడం మొదలుపెట్టారు. అంతలో బయట కాపలా ఉన్న ఏటీఎం గార్డు యాదగిరి తలుపు తోసుకుని వచ్చి, బుచ్చమ్మకు ఠక్కున సెల్యూట్ కొట్టాడు.

"సార్, విమానం ఎప్పుడొస్తది?"

అందరం నవ్వాం. బుచ్చమ్మ నవ్వలేదు.

"నవ్వకుర్రి! ఈ పిలగాని మొఖం మీద చెమట సుక్క లేదు!"

చెయ్యి పెట్టి చూస్తే ఒళ్లు కాలిపోతోంది. ఆడవాళ్లు లోపల కూర్చుంటున్నారని అతను తన స్టూలు వదిలేసి, ఆ మందపాటి యూనిఫారంలో, బూట్లతో పొద్దుటి నుంచీ ఎండలో నిలబడ్డాడు. నా చీటీయే అతన్ని బయటికి నెట్టింది.

చాప మీద పడుకోబెట్టి చొక్కా, బూట్లు విప్పాం. ఆడవాళ్లు తమ సీసాల్లో నీళ్లన్నీ ఒంటి మీద పోశారు. మేనేజరు గారు అంబులెన్స్‌కు ఫోన్ చేసి, లోన్ కరపత్రాల కట్టతో విసరసాగారు.

"సారూ, ఆ మెడల గుడ్డ ఇటియ్యి" అంది బుచ్చమ్మ.

"ఇది టై అండీ."

"ఏదైతేంది, తడిస్తే సాలు."

తడిసిన టై యాదగిరి నుదుటి మీదికి చేరింది.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి యాదగిరి బతికి బయటపడ్డాడు. తెలివి రాగానే "ఏటీఎం కాడ ఎవరున్నరు?" అని అడిగాడట. మేనేజరు గారు అతని స్టూలు ఏసీ కిందే వేయించారు. నేను పంచాయతీ ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగి, తొండుపల్లిలో తాళం వేసి ఉన్న కమ్యూనిటీ హాలు మధ్యాహ్నాలు తెరిపించాను. స్లాబు కప్పు, కిటికీలకు తడి గోనె పట్టాలు, రెండు కుండల నీళ్లు. ఏసీ లేదని బుచ్చమ్మ వారం సణిగింది కానీ, చాప మాత్రం అందరికంటే ముందు పరిచేది.

చెప్పిన మాట పాటించడానికి రోగికి దారి ఉందో లేదో కనుక్కోవడం కూడా నర్సు పనేనని ఆ వేసవిలో నేర్చుకున్నాను. అప్పటి నుంచీ ఎండదెబ్బతో ఎవరొచ్చినా, తేరుకోగానే ఇంటి కప్పు దేనిదో, దగ్గర్లో నీడ ఎక్కడుందో, నీళ్లెక్కడివో అడుగుతాను. మొదటిసారి అలా అడిగించుకున్న మేస్త్రీ నన్ను అనుమానంగా చూశాడు.

"ఏందక్కా, ఇల్లు కిరాయికి దిగుతవా?"