పదకొండు గంటలకు, సూర్యాపేటలో

నేను చేసే పని ఏమిటో మా ఇంటి ఓనరమ్మకు నాలుగైదుసార్లు చెప్పి చూశాను. కంప్యూటర్‌ను నడిపించే పెద్ద ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, దాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు, మాది ఏ కంపెనీదీ కాదు, ఎక్కడెక్కడి దేశాలవాళ్లో తీరిక వేళల్లో కలిసి తయారుచేస్తారు, ఏడాదికి రెండుసార్లు కొత్తది విడుదల చేసి జనానికి ఊరికే ఇస్తాం, ఆ విడుదల పనులు నేను చూసుకుంటాను అని. ఆమె శ్రద్ధగానే వింది. అంతా విని, "జీతమెంతిస్తరే?" అంది.

"ఇయ్యరు."

"మరి నీకేం పట్టింది బిడ్డా? ఎప్పుడు సూసినా ఆ సెల్లుల తలకాయ పెట్టి కండ్లు ఖరాబు చేసుకుంటున్నవ్. వాళ్లల్ల ఒక్కరన్న ఇంటికొస్తరా? మంచీ చెడూ అడుగుతరా?"

ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే రారు, అడగరు.

నా ఉద్యోగం కోదాడలో, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పడం. కిరాయి గది సూర్యాపేటలో. రోజూ బస్సు. విడుదల పని సగం ఆ బస్సులోనే అయ్యేది. చెప్పుకోవడానికి పెద్ద హోదా పేరుంది గానీ, అది అచ్చంగా పెళ్లిపెద్ద పని. వంటవాడు వచ్చాడా, పందిరి వేశారా, బ్యాండువాళ్లు ఏ ఊళ్లో ఆగిపోయారు అని చూసుకోవడమే. ఒకడు రాసిన ముక్క ఇంకొకడు రాసినదానితో కుదరదు. ఇద్దరూ అలుగుతారు, ఇద్దరికీ సర్దిచెప్పాలి. గడువు దాటిపోయాక కొత్తదేదో పట్టుకొచ్చి "ఇదొక్కటీ పెట్టేయండి ప్లీజ్" అనేవాడికి కుదరదని చెప్పాలి. మొహం మీద అలా ఎలా చెప్తావంటారేమో, మొహాలుంటే కదా! ఎనిమిదేళ్లుగా కలిసి పనిచేస్తున్నవాళ్లలో ఒక్కరి మొహమూ నేను చూడలేదు. అక్కడ అందరికీ మారుపేర్లే. ఏ ఊరు, ఏం చేస్తావు అని అడగడం మర్యాద కాదు.

వాళ్లలో ఒకాయన ఒక ఇంగ్లీషు పిట్ట పేరు పెట్టుకున్నాడు. ప్రతి విడుదలకు ముందు మేమిచ్చే నమూనాను ఏదో పాత కంప్యూటర్‌లో వేసి చూసి, నడుస్తోందనో నడవడం లేదనో ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసేవాడు. అంతకు మించి పలికేవాడు కాదు. ఏ చలిదేశంలోనో గడ్డం పెంచుకుని కూర్చున్న ముసలాయన అయ్యుంటాడని నేను ఖాయం చేసుకున్నాను.

విడుదల రోజు మాత్రం పండగే. ప్రకటన పంపగానే ఫోన్ నిండా అభినందనలు. అవి ఓ గంట వస్తాయి, తరువాత ఆగిపోతాయి. ఫోన్ మంచం మీద పెట్టి తలెత్తితే గదిలో ఫ్యాను, నేను. ఒకసారి ఆగలేక కాలేజీలో తోటి లెక్చరర్‌కు చెప్పాను, నిన్న మాది విడుదలైందని. ఆయన ఖమ్మం అవతలి మనిషి, మర్యాదస్తుడు. "అలాగాండీ, మంచిదండీ" అన్నాడు. వెంటనే, "అటెండెన్స్ రిజిస్టర్ ఇచ్చేశారా అండీ?" అన్నాడు. ఆ రోజు బస్సు చివ్వెంల దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఒంటరితనం అంటే పక్కన మనిషి లేకపోవడం అనుకునేదాన్ని. బస్సు నిండా మనుషులే ఉన్నారు.

మావాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. విడుదలైన వారంలో ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లో కలుసుకుని కేకు కోసుకుంటారు. దానికొక పేజీ ఉంటుంది. ఊరి పేరు, చోటు, వేళ అందులో ఎక్కించాలి. అన్నీ పెద్ద పెద్ద నగరాల పేర్లే. మొన్నటి విడుదలకు ఏమనిపించిందో, వాటి కింద సూర్యాపేట అని ఎక్కించాను. హైవే మీది ఒక హోటల్ పేరు పెట్టి, ఆదివారం పదకొండు గంటలకు అని రాశాను. రాసి ఒట్టు పెట్టుకున్నాను. ఒక్కరంటే ఒక్కరొస్తే ఈ పనిలో ఉంటాను. రాకపోతే ఇగ ఖతం, ఎవరి దారి వాళ్లది.

కేకు కోసం బేకరీకి వెళ్తే, "ఎవలి బర్త్‌డే మేడం? పేరేం రాయాలె?" అన్నాడు.

"పేరొద్దు. ఫోన్‌లో ఈ బొమ్మ ఉంది చూడు, ఇది వెయ్యి చాలు."

తీరా చూస్తే మా గుర్తు వంకరగా వేసి, కింద హ్యాపీ బర్త్‌డే అని ఎర్రగా రాసిపెట్టాడు. అదేందయ్యా అంటే, "రాయకుంటే కేకు బోడిగ ఉంటది మేడం" అన్నాడు. గొడవపడే టైం లేక పట్టుకుపోయాను.

హోటల్లో ఫ్యామిలీ సెక్షన్‌లో పెద్ద బల్ల దగ్గర కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తడం, ఎవరో పిల్లలతో వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చోవడం. చాయ్ మీద చాయ్ తాగాను. వెయిటర్ వచ్చి, "ఇంకెవలన్న వస్తరా మేడం?" అన్నాడు. వస్తారన్నాను. మళ్లీ వచ్చి అదే అడిగితే, "వస్తే వస్తరు, లేకుంటే లేదు! నీకేం తొందర?" అని కసిరాను. పాపం అతని తప్పేముంది. భోజనాల వేళయింది, విజయవాడ వెళ్లే కుటుంబాలు నా కుర్చీ వెనకే నిలబడి బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నాయి.

రెండైంది. ఇక లేచి కేకు నేనే కోశాను. వెయిటర్‌కూ వంటింట్లోవాళ్లకూ పంచమని ఇచ్చాను. అతను నేను కసిరిన సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టి, "హ్యాపీ బర్త్‌డే మేడం!" అన్నాడు. లోపలివాళ్లు కూడా వచ్చి చెప్పారు. కాదని చెప్పే ఓపిక లేక థాంక్స్ అన్నాను. బయటికొచ్చి ఆటో ఎక్కగానే ఏడుపొచ్చింది.

గదికి రాగానే జట్టుకు మెయిల్ రాసేశాను. మా ఊళ్లో కలుద్దామని పిలిచాను, ఒక్కరూ రాలేదు, ఈ రోజు నుంచే ఈ బాధ్యత వదిలేస్తున్నాను అని. రెండోసారి చదవకుండా పంపేసి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

లేచి ఫోన్ చూసేసరికి సాయంత్రం. ఆ పేజీలో సూర్యాపేట కింద ఇంగ్లీషులో ఒక మాట. "వేళకే వచ్చాను. కేకు మేడం వెళ్లిపోయారని హోటల్‌వాళ్లు చెప్పారు. బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం చూస్తున్నాను." కింద ఆ పిట్ట పేరు.

వేళకే రావడమేంటి, పదకొండు నుంచి అక్కడే చచ్చాను కదా అని ఒళ్లు మండింది. పేజీ పైకి జరిపితే అర్థమైంది. మేం ఒక్కో దేశంలో ఉంటాం కనుక అందరికీ ఒకటే గడియారం పెట్టుకున్నాం, యూటీసీ అంటారు. దానికంటే మన గడియారం ఐదున్నర గంటలు ముందుంటుంది. ఈ పేజీలోని వేళలన్నీ ఆ లెక్కలోనే అని పైన రాసి ఉంది. రాసింది నేనే. దాన్ని తప్పినవాళ్లను ఎన్నిసార్లు తిట్టానో! మన ఊరే కదా అని నేను మన గడియారం ప్రకారం పదకొండు అన్నాను. పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి ఆయన లెక్కగట్టుకుని నాలుగున్నరకు వచ్చాడు.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా మెట్లు దిగుతుంటే ఓనరమ్మ, "ఏడికే ఉరుకుతున్నవ్?" అని కేకేసింది.

"నా కోసం మనిషొచ్చిండు!" అన్నాను. ఆమె ఏమనుకుందో ఇప్పటికీ అడగలేదు.

బస్టాండులో మిర్యాలగూడ బస్సు ఆగేచోట బోలెడంత జనం. ఎలా ఉంటాడో తెలియదు, అసలు పేరు తెలియదు. ఇంక సిగ్గు వదిలేసి ఆ పిట్ట పేరు పెట్టి గట్టిగా పిలిచాను. అందరూ తిరిగి చూశారు. ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి, "పిల్ల తప్పిపోయిందా బిడ్డా?" అంది. బెంచీ మీంచి ఒకాయన లేచాడు. నలభై దాటి ఉంటాయి, గడ్డం లేదు, చేతిలో చిన్న బియ్యం సంచి.

"మేడం, మీరేనా! ఏమైంది, ఏమన్న నడుస్తలేదా?" అన్నాడు కంగారుగా. నవ్వాగలేదు నాకు. కళ్లలో నీళ్లు కూడా ఆగలేదు.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాడట. మిల్లు ఆఫీసులో పక్కన పడేసిన కంప్యూటర్‌లోనే ఆయన పరీక్షలు చేసేది. "పేజీల సూర్యాపేట పేరు సూసి నమ్మలే మేడం. ఎవలో ఆట పట్టిస్తున్నరనుకున్న. మా మిల్లుల చెప్తే ఎవలకు సమజ్ కాదు. ఇంట్ల చెప్తే నవ్వుతరు," అన్నాడు. సంచి నా చేతికిచ్చి, "మా మిల్లు బియ్యం. పార్టీకి ఉత్త చేతులతోటి ఎట్లొస్తం," అన్నాడు.

కాసేపటికి గొంతు తగ్గించి, "మెయిల్ సూసిన. పోతున్నరంట," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చి ఫోన్ తీశాను. మా జట్టులో ఏ బాధ్యతా ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదు. నా తరువాతి మనిషి అప్పటికే ఒప్పుకున్నాడు. అందరూ నాకు కృతజ్ఞతలు, అతనికి అభినందనలు చెప్పేశారు. జట్టు పేజీలో నా పేరు తీసేశారు. అంతా పద్ధతిగా, నేను నేర్పినట్టే జరిగింది. అతను ఎంత సంతోషపడుతూ రాశాడో! అది తిరిగి ఇమ్మని ఏ నోటితో అడగను? ఆయనకు ఫోన్ చూపించాను. చదివి, "అయ్యో," అన్నాడు.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి, అడగాలా వద్దా అన్నట్టు చూసి, చివరికి అడిగాడు.

"ఒక్కరు గూడ రాలేదని రాసిన్రు మెయిల్ల. నేనొచ్చిన గద మేడం?"

బస్సు కదిలింది. బియ్యం సంచి పట్టుకుని, నేను దాని వెనకే నాలుగడుగులు వేశాను.