మొక్కు చెంబులో మనీప్లాంట్

మా నాయన మొక్కు చెంబు అడుగున చిల్లు పెట్టింది నేనే. కోపంతో పెట్టలేదు, పొరపాటున చెయ్యి జారి కూడా పెట్టలేదు. కొలత చూసుకుని, గుండ్రంగా, శ్రద్ధగా పెట్టాను.

అప్పట్లో నాకు పాత సామాన్ల పిచ్చి పట్టి ఉంది. ఫోన్లో వీడియోలు చూసి, ఇంట్లో పారేయాల్సిన ప్రతి వస్తువుకూ పునర్జన్మ ప్రసాదించే పనిలో ఉన్నాను. తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో నాకు గొప్ప పేరు. ఖాళీ సీసాకు జనపతాడు చుట్టి పూలకుండీ చేశాను. ఆ తాడు, జిగురు, రంగులు, బ్రష్షులు మాత్రం అన్నీ కొత్తవి, ఆన్‌లైన్లో తెప్పించినవి. అవి వచ్చిన అట్టపెట్టెలను ఏం చేయాలో తెలియక ఇంకో నాలుగు వీడియోలు చూశాను. బంగారుపాళ్యం నుంచి మామిడికాయలొచ్చిన ప్లాస్టిక్ ట్రేలకు రంగేసి పుస్తకాల అర చేశాను. మా ఆయన జీన్స్ ప్యాంటు కూరగాయల సంచి అయింది. అది ఇంకా పాతబడలేదని ఇప్పటికీ ఆయన వాదన. కదలకుండా ఉంటే ఎక్కడ తనకూ రంగు పడుతుందో అని పాపం సోఫాలో కూడా ఎక్కువసేపు కూర్చునేవాడు కాదు.

ఆ ఏడే నాయన మా ఇంటికి వచ్చేశాడు. ఆయనా ఏదీ పారేసే మనిషి కాదు. పాత పంచె చింపి కాఫీ వడకట్టే గుడ్డ చేస్తాడు. చినిగిన బనియన్‌తో ఇల్లు తుడుస్తాడు. అరిగిన పళ్ళ బ్రష్షుతో దువ్వెనలు కడుగుతాడు. కొండ నుంచి లడ్డూలు తెచ్చిన కవర్లను మడిచి పరుపు కింద దాచుకుంటాడు. కానీ వాటికి ఫోటోలు తీయడు. అందుకని ఆయనది పిసినారితనం అనేదాన్ని, నాది కళ అనుకునేదాన్ని.

ఆయన సామాన్లు సర్దుతుంటే ఒక లడ్డూ కవర్లో ఇత్తడి చెంబు కనిపించింది. సొట్టలు పడి, నల్లగా ఉంది. ఎవరిదని అడగాల్సింది. నాలాంటి కళాకారులకు అడిగే అలవాటు ఉండదు. నాయన మధ్యాహ్నం కునుకు తీసే వేళకు దానికి ఆకాశం రంగు పూసి, తెల్లపూలు వేసి, నీళ్ళు దిగడానికి అడుగున డ్రిల్లింగ్ మెషిన్‌తో చిల్లు కొట్టాను. మట్టి నింపి మనీప్లాంట్ నాటాను. ఆ రోజు గ్రూపు నిండా ఎర్ర గుండెకాయలే. ఎక్కడ కొన్నారో లింకు పెట్టమని పై అంతస్తు ఆవిడ మూడుసార్లు అడిగింది. నాయనకైతే ఆ మొక్క బాగా నచ్చింది. రోజూ పొద్దున్నే బాల్కనీలోకి వెళ్ళి తనే నీళ్ళు పోసేవాడు.

సెప్టెంబరు సగంలో పెరటాసి నెల వచ్చింది. మా వైపు ఆ నెల శనివారాల్లో నామం పెట్టుకుని, చెంబుకూ నామం పెట్టి తులసిమాల కట్టి, కాళ్ళకు చెప్పుల్లేకుండా ఇల్లిల్లూ తిరిగి గోవింద పలికి బియ్యం అడుగుతారు. ఆ బియ్యం వండి స్వామికి నైవేద్యం పెడతారు, దాన్నే తళిగ వేయడమంటారు. నాకు మూడేళ్ళప్పుడు జ్వరమొచ్చి డాక్టర్లు ఆశ వదులుకున్నారట. బిడ్డ బతికితే ఏటా ఏడిళ్ళు ఈ చెంబుతోనే బిచ్చమెత్తుతానని నాయన మొక్కుకున్నాడు. నేను బతికాను. ఆయన ఒక్క ఏడూ తప్పలేదు. ఇదంతా నాకు తెలుసు. కానీ నామమూ తులసిమాలా లేకుండా ఆ చెంబును నేనెప్పుడూ చూడలేదు.

తొలి శనివారం పొద్దున నాయన స్నానం చేసి, నామం పెట్టుకుని వచ్చాడు. "పాపా, లడ్డు కవర్లో చెంబుండాల, యాడ పెట్నావు?" అన్నాడు.

బాల్కనీ వైపు చెయ్యి చూపించాను. నాయన వెళ్ళి మొక్కను చూశాడు, చెంబును చూశాడు, నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. వేళ్ళు తెగకుండా మొక్కను మెల్లగా తీసి, కడిగి దాచిన పాలప్యాకెట్లో మట్టి పోసి నాటాడు. తర్వాత పీటేసుకుని చింతపండుతో చెంబు తోమడానికి కూర్చున్నాడు. రంగు చాలావరకు పోయింది, సొట్టల్లో మాత్రం నీలం మిగిలింది.

"ఇంట్లో ఇన్ని స్టీలు చెంబులుండాయి కదా నాయనా, ఒకటి తీసుకో" అన్నాను, సిగ్గులేకుండా.

"నీకు జరమొచ్చినప్పుడు స్టీలు చెంబని మొక్కలేదు పాపా" అన్నాడు.

నా జిగురు తుపాకీ తెచ్చి చిల్లు పూడ్చబోయాను. చల్లారగానే ఆ జిగురు అప్పచ్చిలా ఊడి చేతిలోకొచ్చింది. నాయన పాత పంచె పీలిక ఉండ చుట్టి చిల్లులో కుక్కి బయల్దేరాడు. మనసాగక నేనూ వెంట వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆయన వెంట నడవడం అదే మొదలు.

రెండో ఇంటి ముందు ఉండ ఊడిపోయింది. బియ్యం జలజలా మెట్ల మీద పడుతుంటే ఏం చేయాలో తోచక చెంబు కింద అరచెయ్యి అడ్డం పెట్టాను. అలాగే వంగి, నాయన పక్కన ఒక్కో మెట్టూ ఎక్కాను. నాలుగో ఇల్లు లింకు అడిగిన పై అంతస్తు ఆవిడది. "ఇది ఆ నీలం కుండీ కదండీ! బియ్యానికి కూడా వాడొచ్చా, భలే ఐడియా!" అని ఫోటో తీసింది. మేం ఐదో ఇంటికి చేరేలోపే గ్రూపులో ఎర్ర గుండెకాయలు మొదలయ్యాయి. జీవితంలో మొదటిసారి ఆ మెచ్చుకోలుకు నాకు ఒళ్ళు మండింది.

ఏడిళ్ళూ అయ్యాయి. ఇంటికొచ్చి చెయ్యి తీస్తే అరచేతిలో చిల్లు ముద్ర గుండ్రంగా పడి ఉంది. తళిగ వేసి, నాయన తినడానికి కూర్చున్నాక చెప్పాను. "తప్పయిపోయింది నాయనా. ఊర్లో ఇత్తడికి మాటు వేసేవాళ్ళు యాడున్నా వెతికి, ఈ బొక్క పూడ్పించుకొస్తా."

నాయన ముద్ద కలుపుతూ తల అడ్డంగా ఊపాడు.

"పూడ్సొద్దులే పాపా. పూడిస్తే వచ్చే ఏడు నువ్వు నా ఎంట రావు."