పేర్ల మీది తెల్ల పట్టీ

బుచ్చిరాములు సేటు కాగితాన్ని మోజెస్ ముఖాన విసిరినంత పని చేశాడు.

"ఏందిరా ఇది? నువ్వు పోసింది పౌడరా, పొయ్యిల బూడిదనా?"

శాంతి నగర్‌లో ప్రింటర్ కాట్రిడ్జ్‌లకు పౌడర్ నింపి బతికే మోజెస్ కాగితం అందుకున్నాడు. సేటు పాత కార్ఖానా మూసి కొత్తది తెరుస్తున్నాడు. అందులోకి తీసుకునే పనివాళ్ల జాబితా అది. నంబర్లు నల్లగా ఉన్నాయి. పేర్లున్న చోట మాత్రం పైనుంచి కిందికి ఒక పట్టీ వెలిసిపోయింది. ఇరవై రెండేళ్లు ఈ సేటు సాంచాలే, అంటే మరమగ్గాలే, నడిపిన దానియేలు, మోజెస్ తండ్రి, ఈ జాబితాలో ఉంటేనే రేపటి నుంచి పని.

"సేటూ, మా బాపు పేరుందా ఇందుల?"

"ఉంటది పోరా. ముందుగాల నీ పౌడర్ సంగతి జూడు. లేకుంటే వేరేటోన్ని పిలుస్త."

మోజెస్ కాట్రిడ్జ్ తీసి అటూ ఇటూ మెల్లగా ఊపి పెట్టాడు. అదే పట్టీ. పౌడర్ ఆదా చేసే సెట్టింగ్ తీసేశాడు. అదే పట్టీ. తన సంచిలోని కొత్త కాట్రిడ్జ్ వేసినా మారలేదు.

"తప్పు పౌడర్ది కాదు సేటూ."

"దొరికినోడు ఎవడన్న తప్పు నాదే అంటడా?"

మోజెస్ కరెంటు తీసి ప్రింటర్ మూత విప్పాడు. లోపల లేజర్ వెలుగు దాటే పొడవాటి అద్దం ఒక పక్క తెల్లటి నూగుతో కప్పుకుపోయింది. ఆఫీసుకూ సాంచాలకూ మధ్య ఒక్క తలుపే. ఆ నూగు మోజెస్‌కు కొత్త కాదు. బాపు కనుబొమ్మల మీద, చెవుల్లో, దగ్గి దగ్గి నోరు తుడుచుకున్న రుమాలులో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు.

"దూది నూగు సేటూ. లోపటికి పోయింది."

సేటు నిజంగానే కంగారుపడ్డాడు. "అరెరే, మిషన్ ఖరాబయితదా? కొత్త కార్ఖానల దీనికి అద్దాల క్యాబిన్ కట్టిస్త. ఏసీ గూడ పెట్టిస్త."

మోజెస్ మెత్తటి గుడ్డతో అద్దం తుడిచి, మూత బిగించి, మీట నొక్కాడు. కాగితం నల్లగా వచ్చింది. ఆగయ్య, నర్సింహులు, కనుకయ్య, హనుమాండ్లు... చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"సేటూ, బాపు పేరు లేదు."

"దగ్గెటోన్ని సాంచ కాడ నిలబెట్టి నేనేం జేయాలెరా?" సేటు కాగితం లాక్కుని వెలుగుకు పట్టి చూశాడు. "వారెవా, ఎంత సాఫొచ్చింది! నీ పౌడర్ మంచిదేరా. ఇంకో ముప్పై కాపీలు తియ్యి, గోడలకు అతికియ్యాలె."

ఈ గిరాకీ కూడా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

మోజెస్ ముప్పై తీశాడు. ఒక్కదానిలోనూ మసక లేదు.