తిరిగే ధూళి

నా చిన్నప్పుడు ఒక శనివారం వచ్చిన కోపం నాకింకా చల్లారలేదు.

అప్పుడు మేం రాయపూర్‌లో, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్లం. నాన్న వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. పక్క క్వార్టర్లో రైల్వే ఆసుపత్రి నర్సుగారి కుటుంబం ఉండేది. వాళ్లమ్మాయి ఎమ్మెస్సీ చదివేది. నాకు ఆ పక్కింటి అక్క అంటే ప్రాణం.

ఒకరోజు అక్క కాలేజీ లైబ్రరీ నుంచి వస్తూనే నన్ను పిలిచింది. ఎక్కడో ఒక కుర్ర నక్షత్రం చుట్టూ పళ్లెంలా పరుచుకున్న ధూళి ఫోటోలో పడిందట. అలాంటి ధూళిలోంచే మన భూమి కూడా పుట్టి ఉంటుందంది. నాకేమీ అర్థం కాలేదు.

"అక్కడ నిలబడి గిర్రున తిరగవే," అంది.

పండరీ బట్టల బజార్లో కొన్న కొత్త పరికిణీ వేసుకుని ఉన్నాను. తిరిగాను. కాళ్లకు చుట్టుకుని ఉన్న గుడ్డంతా గొడుగులా విచ్చుకుంది.

"చూశావా? నువ్వు నక్షత్రానివి. నీ చుట్టూ పరుచుకున్నది ధూళి."

తర్వాత మంచం కింద చీపురు పెట్టి లాగింది. ధూళి ఉండలు ఉండలుగా వచ్చింది. ఆ పళ్లెంలోని ధూళి కూడా ఇలాగే ఒకదానికొకటి అంటుకుని, పెరిగి పెరిగి గ్రహమవుతుందని చెప్పింది. ఆ రోజంతా నాకు నేల మీద కాలు ఆనలేదు.

శనివారం బడికి యూనిఫాం అక్కర్లేదు. అదే పరికిణీ వేసుకెళ్లాను. సైన్సు సారు సౌరకుటుంబం పాఠం చెప్పి, ఎవరికైనా ఇంకేమైనా తెలుసా అని అడిగారు. నేను లేచాను. రెండు ముక్కలు చెప్పి తిరగబోయానో లేదో, సారు బల్ల మీద బెత్తంతో కొట్టారు.

"ఏ క్యా నాచ్ లగా రఖా హై? ఇది బడా, డాన్సు స్టేజీయా?"

క్లాసంతా గొల్లుమంది. నేను చెప్పేది పూర్తి చేయనివ్వలేదు. గంట కొట్టేదాకా వరండాలో ఎండ పడేచోట నిలబెట్టారు. తప్పు చెప్పి ఉంటే ఆ ఎండకు ఓర్చుకునేదాన్నే. ఆయన అసలు వింటే కదా!

ఇంటికొచ్చి ఏడుస్తుంటే అమ్మ, "ఏటే, ఏటయినాదే?" అని కంగారు పడింది. నాన్న మాత్రం, "సారుతో మనకెందుకు, ఛోడ్ దో," అనేశాడు. ఆ మాట నాకు బెత్తం దెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

సంగతి తెలిసి, సోమవారం అక్క నన్ను వెంటబెట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గదికి వచ్చింది. సారునూ పిలిపించారు. అక్క గొంతు పెంచకుండానే అడిగింది.

"పిల్ల ఏం చెప్పిందో విన్నారా, సార్?"

"గిరగిరా తిరగడం చూశాను, చాలదా?"

"చూశారు. వినలేదు. తప్పుంటే దిద్దండి. వినకుండానే ఎండలో నిలబెడతారా?"

సారు పుస్తకంలో అదంతా లేదన్నారు. అక్క జవాబు చెబుతుందనుకున్నాను. కానీ తను నా వైపు తిరిగి, "చెప్పు," అంది. నక్షత్రం నుంచి ధూళి ఉండల దాకా, వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పాను. సారు కిటికీలోంచి బయటకే చూస్తూ నిలబడ్డారు. హెడ్‌మిస్ట్రెస్ చివరిదాకా విని, రేపు క్లాసులో తిరిగి చూపించమన్నారు.

మర్నాడు చూపించాను. ఈసారి నవ్వినవాళ్లు తక్కువ. ఇద్దరు ముగ్గురు ప్రశ్నలు కూడా అడిగారు. నేను మొదలుపెట్టగానే సారు బయటికి వెళ్లిపోయారు. ఆ తర్వాత కూడా తప్పయిందని ఒక్క మాట అనలేదు.

పెద్దయ్యాక నేనూ టీచర్నయ్యాను. ఎవరైనా పిల్ల లేచి ఏదో చెప్పబోతే, నవ్వేవాళ్లను ముందు ఆపుతాను. తప్పో ఒప్పో, ఆఖరి మాట దాకా విన్నాకే నోరు విప్పుతాను. ఆ సారు మీద కోపం తగ్గించుకోమని మావాళ్లు అంటుంటారు. నేను తగ్గించుకోను. అది తగ్గిన రోజు నేనూ వినడం మానేస్తానేమోనని నా భయం.