పెద్దమ్మ బైబిల్ సంచిలో మాత్రలు

నిన్న పొద్దున ల్యాబ్‌లో ఎవరికో బ్లడ్ తీస్తుంటే పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య ఫోన్.

"అమ్మ పడిపోయిందే. ఆస్పత్రికి తీసుకొచ్చేం. నువ్వు బేగి రా."

పూర్ణా మార్కెట్ దగ్గర ఆటో ఎక్కి వెళ్లేసరికి అయిపోయింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుని నా కంటే గట్టిగా పాడిన మనిషి.

షుగర్ ఎంతుందో మీటర్ కూడా చూపించలేకపోయిందట. అంత పెరిగిపోయింది.

ఊళ్లో అందరి షుగర్ చూసేది నేను. మా పెద్దమ్మది చూడలేదు.

చూస్తానని ఎన్నిసార్లు అన్నానో. "ఇంట్లో ఒకరికి సూదులు పొడుత్తన్నారు, సాల్లేదేటే? నాను బానే ఉన్నాను" అనేది.

ఆ ఒకరు హనీ. అన్నయ్య కూతురు, పెద్దమ్మ మనవరాలు. ఏడేళ్లు. రెండేళ్లుగా బ్లడ్ క్యాన్సర్‌కి ట్రీట్‌మెంట్.

మా చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. ఎవరికేం కావాలో చీటీ మీద రాసిస్తే అందరూ కలిసి ప్రార్థిస్తారు.

రెండేళ్లూ పెద్దమ్మ చీటీ మీద ఒకటే పేరు. హనీ.

"నీ షుగర్ గురించి కూడా రాయొచ్చు కదా" అన్నాను ఒకసారి.

"దేవుణ్ణి ఒక్కటే అడుగుతన్నాను. రెండడిగితే అత్యాశ అయిపోద్ది."

అప్పుడు నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

మొదటి శుక్రవారమే షుగర్ మాత్ర పక్కన పెట్టేసింది. "మందు మింగేక అది ఉపాసం ఏటవుద్దే?" అంది. తిట్టాను. వారానికి ఒక్క రోజే కదా అని ఊరుకున్నాను.

ఒక్క రోజు కాదని వదిన ఇప్పుడు చెబుతోంది.

హనీ బ్లడ్ కౌంట్ తగ్గితే, తన ఉపవాసంలో ఏదో లోటు జరిగిందని ఇంకో రోజు కలిపేదట. పెరిగితే, ఉపవాసం పని చేస్తోందని మరో రోజు. తగ్గినా పెరిగినా ఆవిడ కడుపు మాడడమే.

అన్నయ్యకి పోర్టులో షిఫ్టులు. వదిన ఎప్పుడూ పిల్లతో హాస్పిటల్లోనే. ఈవిడ ఏం తింటోందో, ఏం మానేసిందో చూసేదెవరు?

చర్చిలో "నీ విశ్వాసం గొప్పది సిస్టర్" అని అందరూ అన్నారు. "మాత్ర వేసుకున్నావా సిస్టర్" అని ఒక్కరూ అడగలేదు.

నేనూ అక్కడే కూర్చున్నాను కదా. నేనూ అడగలేదు.

నిన్న సాయంత్రం శవపేటికలో ఆవిడ పక్కన పెట్టడానికి బైబిల్ కోసం ఆవిడ సంచి తీశాను. సంచి అడుగున మాత్రల స్ట్రిప్పులు. నెలనెలా నేను తెచ్చిచ్చినవే. చాలావాటిలో ఒక్క బిళ్ల కూడా తియ్యలేదు.

పారేయలేదు, దాచింది. నేను తెచ్చినవి పారేయడానికి మనసొప్పలేదేమో.

ఇదే మనిషి హనీ చేత మందులు మింగించిన తీరు మీరు చూసి ఉండాల్సింది.

ఆ మాత్రలు చేదు. పిల్ల ఊసేసేది. వదిన ఏడ్చేది. అప్పుడు పెద్దమ్మ వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకునేది.

"దేవుడు ఈ మందులోనే ఉన్నాడమ్మా. ఊసేత్తే ఆయన్ని ఊసేసినట్టే. గుటుక్కున మింగీ."

మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసేది.

అంత తెలిసినదానివి, నీకేమైంది పెద్దమ్మా?

పొద్దున్నుంచి అందరి స్టేటస్‌లూ చూస్తున్నాను. "మనవరాలి కోసం ప్రాణం పెట్టిన తల్లి" అని రాస్తున్నారు. దండం పెడతాను, అలా రాయకండి.

రేపు హనీ చదువుతుంది. తన వల్లే మామ్మ పోయిందని జీవితాంతం ఆ పిల్ల మొయ్యాలా?

నేనూ ప్రార్థించేదాన్నే. కానీ దేవుడు ఈ బేరం అడిగాడంటే మాత్రం నమ్మను. మాత్ర మానేయమని ఆయన చెప్పలేదు. మనలో ఎవరమూ వేసుకోమనీ గట్టిగా చెప్పలేదు.

హనీ బాగానే ఉంది. మందులు బాగా పని చేస్తున్నాయని పోయిన నెలే డాక్టర్ గారు చెప్పారు. ఆ మాట విని పెద్దమ్మ ఇంకో రోజు ఉపవాసం కలిపిందట.

ఈ పొద్దున హనీకి మాత్ర ఇవ్వాల్సింది నేనే. బల్ల మీద ఆ స్ట్రిప్పులు చూసింది.

"ఇవి మామ్మవా అత్తా?"

"అవునమ్మా."

"వీటిల్లో దేవుడు లేడా మరి?"



"ఉన్నాడమ్మా. మామ్మే చూసుకోలేదు."

హనీ తన మాత్ర తీసుకుని మింగేసింది. నేను అడక్కుండానే నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించింది.

వెళ్లి రా పెద్దమ్మా. నీ మీద కోపం నాకు ఇప్పట్లో పోదు.

అక్కడ ఉపవాసాలుండవు. కడుపు నిండా తిని, ప్రశాంతంగా పడుకో.